ఆరో గదిలో అగ్గిపుల్ల

టామరాక్ వాగు, మోంటానా
9 సెప్టెంబరు 1973

గుడ్రున్ అక్కకి,

నువ్వు పోయిన నెల రాసిన రెండు ఉత్తరాలూ అందాయి. జవాబు రాయలేదని కోపం పెట్టుకోకు. కాగితం ముందేసుకుని కూర్చుంటే రాయడానికి ఏమీ తోచదు. పొద్దున్న లేస్తాను, కాఫీ కాచుకుంటాను, అది చల్లారిపోయాక తాగుతాను. నీ మరదలు ఆల్మా పోయి నాలుగు నెలలైంది. ఆవిడ కుర్చీ ఎక్కడుందో అక్కడే ఉంది. జరపాలంటే బద్ధకం, చూడాలంటే కష్టం.

ఇక్కడ కొత్త విశేషం ఒక్కటే. ఒక ముళ్ళపంది తగులుకుంది. చేతి చెమటకి ఉప్పదనం పట్టింది కదా, గొడ్డలి కామ సగం తినేసింది. పెరట్లో మరుగుదొడ్డి చెక్క కూడా కొరుకుతోంది. రోజూ తిట్టి తరుముతున్నాను. రోజూ వస్తోంది.

అసలు సంగతి. ఈ ఉత్తరంతో పాటు హాల్వర్ నీకొక మూట ఇస్తాడు. వాగు అవతల ఉండే హాల్వరే, ఆల్మాని మట్టి చేసిన రోజు నిన్ను బస్సు దగ్గర నుంచి తీసుకొచ్చినవాడు. ట్రాక్టరు సామాను కోసం నెలకోసారి గ్రేట్ ఫాల్స్ వస్తాడు. మూటలో నాన్న చిన్న రివాల్వర్ ఉంది. మీ చర్చిలో ఎవరో పాత గడియారాలు బాగుచేసే పెద్దమనిషి ఇలాంటివి పోగుచేస్తాడని ఆ రోజు చెప్పావు. ఆయనకి చూపించు. ఎంతిస్తే అంతకి ఇచ్చెయ్యి. ఆ డబ్బు నువ్వే ఉంచుకో.

ఎంత తక్కువకైనా సరే. కానీ దాన్ని మళ్ళీ నాకు పంపకు. ఇది మాత్రం గుర్తుంచుకో అక్కా.

మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

సెల్మర్

*

గ్రేట్ ఫాల్స్
23 సెప్టెంబరు 1973

ఒరేయ్ సెల్మర్,

మోకాళ్ళు ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి, మెట్లే రోజురోజుకీ పెరుగుతున్నాయి. ఇరవై రెండేళ్ళు రైల్వే క్యాంటీన్లో నిలబడి వండితే ఇంకేమొస్తుంది. అది సరే. ముందు నాకొకటి చెప్పు. నీకు బుద్ధి ఎక్కడ పోయింది?

హాల్వర్ మూట తెచ్చి బల్ల మీద పెట్టి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక వెండెల్ ప్రూయెట్‌ని ఇంటికి పిలిచాను. అదే, గడియారాల ఆయన. ఇక్కడికొస్తే నా బిస్కట్లు మూడు తిని నాలుగోది జేబులో వేసుకుంటాడు. మూట విప్పగానే ఆయన చెయ్యి ఆగిపోయింది. తూటాల చక్రం పక్కకి తోసి, అరచేతిలోకి వంచాడు. ఆరు తూటాలు పడ్డాయి. ఆరు. పరాయి మనిషి ముందు నా తల తీసేసినట్టయింది.

మన ఇంట్లో ఆ తుపాకిలో ఆరు ఎప్పుడన్నా ఉన్నాయా? ఐదే కదరా. సుత్తి ఏ గది మీద ఆనుతుందో ఆ గదిలో తూటా పెట్టకూడదని నాన్న చెప్పేవాడు, అడవిలో కాలుజారి పడితే పేలుతుందని. ఆకురాయితో చక్రం మీద గుర్తు కూడా పెట్టాడు, ఎప్పుడూ అదే గది ఖాళీ ఉండేలా. ఖాళీ ఎందుకు ఉంచాలని మైనంలో ముంచిన అగ్గిపుల్ల ముక్క అందులో దూర్చేవాడు. తడిసి చలికి చావబోయేవాడికి అదొక్కటి చాలు అనేవాడు. ఆ అగ్గిపుల్ల తీసేసి తూటా పెట్టావు, ఏం చూసుకుని?

ఈ మాటలన్నీ వెండెల్‌కి చెప్తే ఆయన పిచ్చి సంతోషంతో భూతద్దం తీశాడు. ఐదు గదుల్లోనూ కాలిన చార ఉందట, ఆరోది అంగట్లోంచి ఇప్పుడే తెచ్చినట్టుందట, కాస్త మైనం అంటుకుని. "గుడ్రున్ గారూ, ఈ రకం తుపాకికి ఆ జాగ్రత్త అక్కర్లేదు. పాత అలవాటు కొద్దీ చేసుంటారు. అగ్గిపుల్ల సంగతి మాత్రం నేనెక్కడా వినలేదు, పక్క గది పేలితే పుల్ల అంటుకోవచ్చు, అదెంత ప్రమాదమో ఆయనకి తెలిసుండదు" అన్నాడు. ఈ చిన్న తూటాకి మందంతా అంచు చుట్టూ ఉంటుందట. సుత్తి ఆ అంచు మీద కొడుతుందట. ఖాళీ తుపాకిని ఆటకి టకటకా నొక్కేవాళ్ళుంటే సుత్తి గది అంచుకే తగిలి గంట్లు పడతాయట. దీనికి ఒక్క గంటు లేదు. "పిల్లల చేతికి ఇచ్చినట్టు లేదే" అన్నాడు. ఇచ్చాడండీ, ఇద్దరికీ ఇచ్చాడు, ఖాళీగా నొక్కితే చెవి మెలిపెట్టేవాడు అని చెప్పాను.

ఇలాంటివి ఇప్పుడు పోగుచేసేవాళ్ళు ఎక్కువయ్యారట. వాడుకోవడానికి చవకగా కొని, జేబులో పడేసి, చేపల సంచిలో తుప్పు పట్టించినవే లోకమంతా ఉన్నాయట. అందుకే శుభ్రంగా మిగిలినదానికి అంత గిరాకీ. "దీన్ని ముట్టుకోకండి. తోమకండి. నీలి పూత అరిగినచోట అరిగినట్టే ఉండాలి. కొత్త పూత వేయించారో, దీని కథ అయిపోయినట్టే" అన్నాడు. అట్టపెట్టె కూడా ఉంటే ధర ఇంకా సగం పెరుగుతుందట.

అట్టపెట్టె నా దగ్గరుంది. ఆయనకి చెప్పలేదు. అందులో బొత్తాలు పోసుకున్నాను. 1926లో నాన్న నీకు తుపాకి ఇచ్చాడు, నాకు పెట్టె ఇచ్చాడు. నలభై ఏడేళ్ళ నుంచి ఆ పెట్టె తెరిచినప్పుడల్లా గుర్తొస్తూనే ఉంటుంది.

నువ్వు దాన్ని ఊరివాళ్ళకి అమ్మేద్దామనుకున్నావు. ఇంతకీ నన్ను అడిగావా, అక్కా నీకు కావాలా అని? ఒక్క మాట. అంతే. అది కూడా నోట రాలేదు.

ఎందుకు అమ్ముతున్నావో రాయి. రాసేదాకా అది ఇక్కడే, దుప్పట్ల కింద.

అక్క

*

టామరాక్ వాగు
7 అక్టోబరు 1973

అక్కా,

నీకు కావాలేమోనని నాకు తట్టలేదు. నిజం. నీ మోకాళ్ళతో తుపాకి ఏం చేసుకుంటావనుకున్నాను. తప్పే.

ఎందుకని అడిగావు. నా కళ్ళు మసకలు. పాతిక అడుగుల్లో కూర్చున్న అడవికోడి నాకు మోడులా కనిపిస్తోంది. చెయ్యి కూడా వణుకుతోంది. ఉచ్చులు వెయ్యడం మానేసి మూడేళ్ళయింది. వాగు పైకి వెళ్ళే దారిలో చెట్లు పడిపోయి ఉన్నాయి, కొట్టే ఓపిక లేదు. రైఫిల్ కూడా హాల్వర్‌కి ఇచ్చేశాను. బయటికి వెళ్ళని మనిషికి జేబులో తుపాకి దేనికి? పైగా ఇంటి కప్పు బాగుచేయించాలి, రేకులకి డబ్బు కావాలి.

ఆ వెండెల్ మంచివాడిలా ఉన్నాడు. ఆయనకి ఇచ్చెయ్యి. పెట్టె కూడా ఇచ్చెయ్యి, బొత్తాలు ఇంకో దాంట్లో పోసుకో. ఆయన సొరుగులో భద్రంగా ఉంటుంది. ఎవరూ దాన్ని పేల్చరు. నాకు అది చాలు.

ఆరు తూటాల సంగతి నన్ను అడగకు. పొరపాటు అయింది.

ముళ్ళపంది బతికే ఉంది. కొత్త కామ చెక్కితే అదీ మొదలుపెట్టింది. వంటకి ఓట్సు గంజి, అంతే. ఆకలి లేదు. నిద్ర మాత్రం ఎంత పోయినా చాలడం లేదు.

కోప్పడకు అక్కా. కోపానికి జవాబు చెప్పే సత్తువ కూడా లేదు.

సెల్మర్

*

గ్రేట్ ఫాల్స్
21 అక్టోబరు 1973

అబద్ధాల సెల్మర్‌కి,

ఇంటి కప్పు ఆగస్టులో హాల్వరే నీకు వేసి పెట్టాడు. ఆయన భార్యే నాకు ఫోన్లో చెప్పింది. అరవై మూడేళ్ళొచ్చాయి, అబద్ధమాడటం కూడా చేతకాదు నీకు. చిన్నప్పుడు బెల్లప్పాకం తాగేసి మూతి తుడుచుకోకుండా వచ్చేవాడివి, ఇప్పుడూ అంతే.

ఇక కళ్ళ సంగతి. కళ్ళు మసకలైతే కళ్ళజోడు పెట్టుకుంటారు గాని తండ్రి వస్తువు అమ్ముకోరు. నీకేమైందో నాకు తెలుసు. ఆల్మా పోయాక ఇంట్లోంచి కదలడం లేదు. గంజి తాగి మంచమెక్కి, ఇంట్లో ఉన్నవన్నీ ఒకటొకటిగా వదిలించుకుంటే దుఃఖం కూడా పోతుందనుకుంటున్నావు. మా ఆయన పోయినప్పుడు నేనూ అలాగే చేశాను. ఆయన చొక్కాలన్నీ చర్చికి ఇచ్చేసి, వారం తిరక్కుండా వెళ్ళి రెండు తిరిగి అడిగి తెచ్చుకున్నాను. నువ్వూ అలాగే ఏడుస్తావు, అప్పటికి వెండెల్ ఇవ్వడు.

అందుకని ఒక పని చేశాను. చదివి కుర్చీలోంచి పడకు.

బస్ డిపో వెనక తుపాకులు బాగుచేసే ఆయన ఒకడున్నాడు. దాన్ని పట్టుకెళ్ళి, ఉన్న పూతంతా తోమించి, కొత్త నీలి పూత వేయించాను. నాన్న జేబులో అరిగిన మచ్చలు, ఆ పిడి దగ్గర గీతలు అన్నీ పోయాయి. నల్లగా తళతళలాడుతోంది. ఇంటికి తెచ్చి చూసుకుంటే నాకే దుఃఖం వచ్చింది. కానీ చెయ్యాలనే చేశాను. ఇక నువ్వు దీన్ని అమ్మలేవు.

వెండెల్ వచ్చి చూసి అలాగే కుర్చీలో కూలబడ్డాడు.

"ఎవరు చేశారీ పని?" అన్నాడు.

"నేనే."

"చెప్పాను కదండీ మీకు."

"చెప్పారు కాబట్టే చేశాను."

బిస్కట్టు ముట్టుకోలేదు, అంటే ఎంత బాధపడ్డాడో చూసుకో. చివరికి లేస్తూ, "ఇప్పుడిది పోగుచేసేవాడికి పనికిరాదు. ఎవరన్నా అడవికి పట్టుకెళ్ళి వాడుకోవాలి, అంతే" అన్నాడు. నాకు కావలసిందీ అదే.

కాబట్టి విను. నవంబరు మొదట్లో హాల్వర్ వస్తాడు. ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. తీసుకో. కళ్ళజోడు కొనుక్కో. పొద్దున్నే లేచి, ఐదు తూటాలు పెట్టి, వాగు పైకి నడు. అడవికోడి తలకి గురిచూసి కొట్టు, మాంసం చెడకుండా, నాన్న నేర్పినట్టు. వెన్నలో వేయించుకుని తిను. ఆ చిన్నదాని చప్పుడుకి ఎలుగుబంటి కూడా నవ్వుకుంటుందని నాన్న అనేవాడు కదా, ఎలుగు ఎదురైతే నవ్వించు. ఆ ముళ్ళపంది పీడ కూడా వదిలించుకో.

డబ్బా మూతలు గుర్తున్నాయా నీకు? కంచె దగ్గర దుంగ మీద నాన్న ఏడు మూతలు నిలబెట్టి, ఇద్దరినీ కొట్టమని, గుర్రానికి మేత వెయ్యడానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఏడూ పడున్నాయి. నీ భుజం తట్టి తుపాకి నీ చేతిలో పెట్టాడు. నా చేతిలో పెట్టె పెట్టాడు. నేనేమీ అనలేదు. ఇప్పుడూ అనను. కానీ నాకు ఇవ్వనిదాన్ని నువ్వు ఊళ్ళో వాళ్ళకి పంచుతుంటే చూస్తూ ఊరుకోలేను.

ఇంత రాశాక చెయ్యి నొప్పెడుతోంది. తిట్టినా నీ అక్కనే.

గుడ్రున్

*

టామరాక్ వాగు
29 అక్టోబరు 1973

అక్కా,

పంపకు. చేతులు జోడించి అడుగుతున్నాను, పంపకు.

ఎందుకో చెప్తాను. నాలుగు కాగితాలు చింపేశాను, ఇది ఐదోది. ఇది మాత్రం చింపను.

ఆగస్టు 26, ఆదివారం. మధ్యాహ్నం. భోజనం బల్ల దగ్గర కూర్చుని తుపాకి తుడుస్తున్నాను. తుడవడానికే తీశాను, ప్రమాణంగా. ఎదురుగా ఆల్మా కుర్చీ. బయట మంచి ఎండ, ఏ కష్టమూ లేదు, ఒంట్లో జబ్బు లేదు. ఆవిడ బట్టలు కుట్టే సూది తీసుకుని, ఆరో గదిలోంచి అగ్గిపుల్ల లాగేశాను. ఎందుకు లాగానో నా చేతికే తెలియదు. అక్కడ తూటా పెట్టాను. ఐదు ఎందుకు పెట్టుకుంటారు అక్కా? నడుస్తాం గనక. కాలుజారుతుంది గనక. నేనింక ఎక్కడికీ నడవబోవడం లేదని అనిపించింది. నడవనివాడికి ఆరున్నా ఒకటే కదా అనుకున్నాను. ఇంక ఈ అలుపు చాలనుకున్నాను.

అప్పుడు పెరట్లో కరకరమని చప్పుడు. పట్టపగలు. ఆ దరిద్రపు ముళ్ళపంది గొడ్డలి కామ తింటోంది. అది కొత్త కామ, రెండు రోజులు కూర్చుని చెక్కాను. నాకు ఎంత కోపం వచ్చిందంటే, తుపాకి బల్ల మీదే వదిలేసి, చీపురు పట్టుకుని పరిగెత్తాను. ఈ అడవి ముళ్ళపందులు చెట్లెక్కుతాయి కదా, ఎక్కి కూర్చుంది. కింద నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. అరగంట తిట్టి ఉంటాను. తిట్టి తిట్టి ఏడ్చాను.

మళ్ళీ ఇంట్లోకి వెళ్తే బల్ల మీద తుపాకి ఇంకా ఉంది. దాన్ని అలాగే గుడ్డలో చుట్టాను, తూటాలు తియ్యడానికి కూడా చెయ్యి పెట్టలేదు. కట్టెల కొట్టంలో, కట్టెల అడుగున పెట్టాను. మర్నాడు రైఫిల్ హాల్వర్‌కి ఇచ్చాను. ఆయన ఊరికి బయల్దేరే దాకా రెండు వారాలు ఆ కొట్టం వైపు వెళ్ళకుండా, ఉన్న కట్టెలతో సరిపెట్టుకున్నాను.

ఇదీ సంగతి. అమ్మాలని కాదు. నాకు దూరంగా ఉండాలని. ఎవరో భద్రంగా దాచే మనిషి సొరుగులో ఉంటే, అది ఇంక ఎప్పటికీ నా దగ్గరికి రాదని అనుకున్నాను. నువ్వు దాన్ని మెరిపించి మళ్ళీ పంపుతానంటున్నావు.

సిగ్గుగా ఉంది. నాన్నకి తెలిస్తే ఏమంటాడు. నీకు చెప్పకుండా ఊరుకుందామనుకున్నాను గాని, నువ్వు వదిలిపెట్టే మనిషివి కాదు.

ఈ ఉత్తరం టపాలో వెయ్యడానికి పోస్టాఫీసు దాకా నడిచాను. నాలుగు మైళ్ళు. చాలా రోజుల తర్వాత.

సెల్మర్

*

గ్రేట్ ఫాల్స్
2 నవంబరు 1973, శుక్రవారం

నా తమ్ముడు సెల్మర్‌కి,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. మెట్ల మీదే కూర్చుని చదివాను. కింది వాటా ఆవిడ వచ్చి ఏమైందండీ అని లేవదీసింది.

ముందు ఇది విను. అది ఇక్కడే ఉంది. నీ దగ్గరికి రాలేదు, రాదు.

మంచు పడేలా ఉందని హాల్వర్ నిన్ననే వచ్చాడు. మూట కట్టి ఉంచాను, ఆయన ముందు పెట్టాను. కాఫీ తాగాడు. ఇంకో కాఫీ తాగాడు. లేచి టోపీ పెట్టుకుని, "అది నేను తీసుకెళ్ళనండీ" అన్నాడు.

"ఎందుకు తీసుకెళ్ళవు? అంత బరువా?" అన్నాను.

"బరువు కాదండీ."

"మరి? నోట్లో నాలుక లేదా, చెప్పు."

"సెల్మర్ నా చేతికిచ్చేటప్పుడు నా మొహం చూడలేదండీ. ముప్పై ఏళ్ళ స్నేహం మాది. నేను తీసుకెళ్ళను."

అంతే చెప్పాడు. నేను వదల్లేదు. మా అక్కాతమ్ముళ్ళ మధ్యకి నువ్వెవరివయ్యా అని కూడా అన్నాను. తల వంచుకుని విని, బండెక్కి వెళ్ళిపోయాడు. రాత్రంతా ఆయన మీద కోపంతో పళ్ళు కొరుక్కున్నాను. ఇవాళ నీ ఉత్తరం వచ్చింది. సెల్మర్, ఆ మనిషి ఒప్పుకుని ఉంటే ఈపాటికి అది నీ బల్ల మీద ఉండేది. నా చేతులతో కట్టి పంపేదాన్ని.

నన్ను క్షమించు. మొదటి ఉత్తరం నుంచీ నువ్వు చెప్తూనే ఉన్నావు, పంపకు పంపకు అని. నేను నా పెట్టె, నా మూతలు, నా ఉక్రోషం చూసుకున్నాను. ఆరు తూటాలు చూసి నా పరువు గురించి ఆలోచించాను. అగ్గిపుల్ల ఏదిరా అని అడిగానే గాని, ఎందుకు తీశావురా అని అడగలేదు.

సిగ్గంటావేమిటి. మంచి పని చేశావు. దాన్ని ఇంట్లోంచి బయటికి పంపావు, అదీ నువ్వు చేసిందే. నాన్న ఉంటే ఏమనేవాడో నాకు తెలుసు. ఏమీ అనేవాడు కాదు. నీ పక్కన కూర్చుని పొయ్యిలో కట్టె వేసేవాడు.

ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. హాల్వర్‌కి మొత్తం చెప్పు. సగం ఎలాగూ తెలుసు. సోమవారం ఆయన నిన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాడు, నేను ఆయన భార్యకి ఫోన్ చేశాను, తిట్టినందుకు క్షమాపణ కూడా చెప్పాను. డాక్టరు ముందు కళ్ళు మసకలు, చెయ్యి వణుకు అని తప్పించుకోకు. ఆగస్టు 26 అని చెప్పు. మళ్ళీ ఎప్పుడు అలా అనిపించినా, పగలు గాని రాత్రి గాని, లేచి హాల్వర్ ఇంటికి నడు. వంతెన దాటితే ఇల్లు. తలుపు కొట్టు, ముళ్ళపంది వచ్చిందని చెప్పు, చాలు. వాళ్ళకి అర్థమవుతుంది.

తుపాకిని వెండెల్ ఇనప్పెట్టెలో పెట్టించాను. తన మంచివాటి పక్కన దీన్ని పెట్టనన్నాడు, వాటికి అవమానమట. మేజోడులో దూర్చి కింద అరలో పడేశాడు. ఎందుకు దాచాలో మాత్రం అడగలేదు. తాళం బిగించి, "ఎన్నేళ్ళయినా పర్లేదండీ" అన్నాడు.

నాకు నువ్వు తప్ప ఎవరున్నారు? అమ్మా నాన్నలని చూసినవాళ్ళం మనిద్దరమే మిగిలాం. ఆ ఇల్లు, ఆ కంచె, ఆ గుర్రం పేరు, ఇవన్నీ నేనెవరితో చెప్పుకోను? అలిసిపోయావు, తెలుసు. నేనూ అలిసిపోయాను. అలిసినవాళ్ళు కూర్చోవచ్చు. కూర్చో. పోవద్దు.

వారానికో ఉత్తరం రాయి. ఏమీ తోచకపోతే ముళ్ళపంది బాగుందని రాయి.

నీ అక్క

*

టామరాక్ వాగు
16 డిసెంబరు 1973

అక్కా,

ముళ్ళపంది బాగుంది.

డాక్టరు దగ్గరికి నాలుగోసారి వెళ్ళొచ్చాను. వయసులో చిన్నవాడు, తొందర లేని మనిషి. ఆగస్టు 26 అని చెప్పాను. కాగితం మీద ఏదో రాసుకుంటాడనుకుంటే కలం పక్కన పెట్టి విన్నాడు. ఇచ్చిన మాత్రలకి నోరు ఎండిపోతోంది, కానీ నిద్రలో కాస్త పస వచ్చింది. ఆదివారాలు హాల్వర్ ఇంట్లో భోజనం. ఆవిడ చేసిన బంగాళదుంప రొట్టెలు అమ్మ చేసినంత పల్చగా లేవు, ఆ మాట పైకి అనలేదు. రెండుసార్లు వంతెన దాటి వెళ్ళాను. ఒకసారి తెల్లవారుజామున. ముళ్ళపంది వచ్చిందన్నాను. హాల్వర్ బూట్లు కూడా తొడుక్కోకుండా పొయ్యి రాజేశాడు.

బాగైపోయానని అనను. పొద్దున్న లేవడం ఇంకా బరువే. కానీ ఆల్మా కుర్చీ కిటికీ దగ్గరికి జరిపాను. మధ్యాహ్నం అందులో ఎండ పడుతుంది.

నీకొకటి చెప్పాలి. నలభై ఏడేళ్ళది. ఆ ఏడు మూతల్లో నేను కొట్టింది ఒక్కటీ లేదు. మొదటివి రెండూ నేను తప్పాను, ఆ తర్వాత నువ్వు లాక్కుని ఏడింటికీ ఏడు కొట్టావు. మధ్యలో ఆగి తూటాలు నింపుకున్నావు, అదీ గుర్తుంది. నాన్న వచ్చి నా భుజం తట్టాడు. నువ్వు నా వైపు చూశావు. నేను నోరు విప్పలేదు. పదహారేళ్ళు నాకు, చెప్పాల్సిన వయసే. చెప్పలేదు.

ఆ తుపాకి నీది అక్కా. మొదటి నుంచీ నీదే. పూత వేయించుకుంటావో, ముక్కలు చేస్తావో నీ ఇష్టం. నాకు అక్కర్లేదు.

కొత్త గొడ్డలి కామ ఒకటి చెక్కుతున్నాను. పాతది దానికే వదిలేశాను, తిననీ. ఒక విధంగా బాకీ ఉన్నాను దానికి.

సెల్మర్

*

గ్రేట్ ఫాల్స్
25 ఆగస్టు 1974

సెల్మర్‌కి,

రేపు ఏ రోజో నాకు గుర్తుంది. పొద్దున్నే హాల్వర్ ఇంటికి వెళ్ళిపో, సాయంత్రం దాకా అక్కడే ఉండు. ఆవిడకి చెప్పాను. ఈ ఉత్తరం అందేసరికి ఆ రోజు దాటిపోయి ఉంటుంది, అయినా రాయకుండా ఉండలేకపోయాను.

అడవికోళ్ళ వేట సెప్టెంబరులో మొదలు. శుక్రవారం బస్సెక్కుతున్నాను. చేతికర్ర కొన్నాను. డాక్టరు మోకాళ్ళకి సూది వేశాడు, వాగు పైన రెండో మలుపు దాకా నడవగలనని అనుకుంటున్నాను. అక్కడిదాకా చాలు. నువ్వు పడిపోయిన చెట్లు కొట్టి దారి చేశానని రాశావు కదా, చూస్తాను ఎంత బాగా కొట్టావో. నెలంతా ఉంటాను. ఆ రొట్టెలు నేను చేస్తాను, పల్చగా.

తుపాకి ఇనప్పెట్టెలోంచి తీసుకున్నాను. నీకివ్వడానికి కాదు. నా దగ్గరే ఉంటుంది, నా కోటు జేబులో. రాత్రిళ్ళు హాల్వర్ ఇంట్లో తాళం వేసి ఉంటుంది, ఆయన ఒప్పుకున్నాడు. నువ్వు దాన్ని ముట్టుకోనక్కర్లేదు. నువ్వు కోడిని చూపించు, కళ్ళజోడు పెట్టుకుని. కొట్టేది నేను. మొన్న వెండెల్‌తో ఊరి బయటికెళ్ళి డబ్బా మూతలు పెట్టి చూసుకున్నాను. ఏడింటికి నాలుగు. అరవై ఎనిమిదేళ్ళ ముసలిదానికి తక్కువేం కాదు. వెండెల్ ఐదో మూత కూడా లెక్కలో వెయ్యబోయాడు, నేను ఒప్పుకోలేదు, అది గాలికి పడింది. తోమించి పాడుచేశానని ఏడాది నుంచి సాధిస్తున్నవాడు, "వాడటానికి మాత్రం బాగుందండీ" అన్నాడు. ఇంటికి తిరిగొచ్చాక బిస్కట్లు మూడు తిన్నాడు, నాలుగోది జేబులో వేసుకున్నాడు.

బొత్తాలు సీసాలో పోశాను. పెట్టె ఖాళీ చేసి తెస్తున్నాను, తుపాకి అందులోనే వస్తోంది. నలభై ఎనిమిదేళ్ళకి రెండూ ఒకచోట చేరాయి.

తూటాలు ఐదే పెడతాను, నాన్న పెట్టినట్టే. ఆరో గది ఖాళీగా తెస్తున్నాను. అగ్గిపుల్ల నేను పెట్టలేదు. అంత ప్రమాదమని చెప్పినా వినరేం అని వెండెల్ గొణుగుతూనే ఉన్నాడు. ఆయన మాట తర్వాత వింటాం. మైనం కొంచెం కరిగించి ఉంచు, మంచి పుల్ల ఒకటి చూసి ఉంచు. చక్రం తెరిచి నీ ముందు పట్టుకుంటాను, అది నువ్వు పెట్టు.

అక్క